మనీషా కాపలా కాసిన సముద్రం

మేడ్చల్‌లో పుట్టి పెరిగిన మనీషాకు సముద్రం ఉద్యోగంతోనే పరిచయమైంది. పరిశోధకులు ఓడ మీది నుంచి నీళ్లలోకి పెద్ద పెద్ద శబ్దాలు పంపి ప్రయోగాలు చేస్తారు. వాటికి తిమింగలాలు, డాల్ఫిన్లు బెదురుతాయి. శబ్దం మొదలుపెట్టే ముందు బైనాక్యులర్ పట్టుకొని చుట్టూ గాలించడం ఆమె పని. జంతువు కనిపించినా, అలల వల్ల అసలు చూపే ఆనకపోయినా ఆమె ఆపమనాలి; ఆమె ఆపమంటే ఆపాల్సిందే.

ఈసారి ప్రయాణంలో ఒక్క జంతువూ కనిపించలేదు. దూలపల్లి ఆఫీసులో ఆమె పై అధికారి సుధీర్ సంతోషించాడు. ప్రయోగం వల్ల హాని లేదని రిపోర్టు వెళ్తే ఆమె ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానన్నాడు.

ఆ మాట విని నాయనమ్మ సాయమ్మ ఆదివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టించింది. మనుమరాలు ఓడెక్కినప్పటి నుంచి ఏ జీవీ అడ్డం రావొద్దని ఆమె ఉపవాసముండి ప్రార్థించింది. పాట అయ్యాక పాస్టర్ సత్యానందం మనీషాను సాక్ష్యం చెప్పమన్నాడు. ముందు సాయమ్మే అందుకుంది.

"నా పార్థన దేవుడు ఆలకించిండు. సముద్రమంత దేవులాడినా ఒక్కటి రాలే."

"గందుకేనా అవ్వా, మన మార్కెట్ల చేపలు పిరమైనయ్?" అంది పక్కింటి రోజీ. అందరూ నవ్వారు.

మనీషా లేచి నిలబడింది. మొదట్లో సముద్రం నిమ్మళంగానే ఉందని, తర్వాత గాలి లేచిందని చెప్పింది. ఎటు చూసినా తెల్లటి నురగే, జంతువు పైకి తేలినా ఆనదు. ఓడ కిరాయి ఊరికే పోతోందని అందరూ తొందరపడుతుంటే తాను ఆపమనలేదని చెప్పింది.

"వచ్చినయో రాలేదో నాకు తెల్వదు. నాకు కనబడలే, అంతే."

ఎవరూ ఆమెన్ అనలేదు. సాయమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"గీ ముచ్చట మాకెందుకు చెప్తున్నవే? మీ సారుకు చెప్పినవా?"

చెప్పలేదు. మనీషా ఫోను తీసుకొని వాకిట్లోకి వెళ్లింది.

సుధీర్ అంతా విన్నాడు. గాలి లేచిన రోజులు లెక్కలోకి రావని, ఆ ప్రయోగాలు మళ్లీ చెయ్యాలని అతనికి వెంటనే తెలిసింది. ఓడ మీదే ఎందుకు చెప్పలేదని అడిగాడు. భయపడ్డానంది.

"ఉన్నదున్నట్టు రాసి పంపించు. పర్మనెంటు గురించి మాత్రం ఇంక నన్నడక్కమ్మా," అన్నాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి బగారన్నం, కోడికూర వడ్డిస్తున్నారు. సాయమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"చెప్పినవా?"

"చెప్పిన. ఉన్నదున్నట్టు రాసి పంపుమన్నడు. నౌకరి పక్కా గాదిగ, అవ్వా."

సాయమ్మ ఆమె చేతికి ప్లేటు ఇచ్చింది.

"జల్దీ తిని రాయపో. తెల్లారితే ఆయన మనసు మార్చుకుంటడో, నువ్వే మార్చుకుంటవో."

మనీషా నిలబడే నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కొని ల్యాప్‌టాప్ తెరిచింది.