తల్లికోడి బెంగ

ఆ వీధిలో ఆమెను అందరూ బాతులక్క అంటారు. అసలు పేరు లేకపోలేదు, దాన్ని వాడేది కరెంటు బిల్లు ఒక్కటే.

పెళ్లయిన కొత్తలో ఆమె బేకరీలో కేకులకు గుడ్లు కొట్టే పనిలో ఉండేది. బాతుగుడ్డు వేస్తే కేకు బాగా పొంగుతుందని, కానీ దొరకడమే గగనమని యజమాని పొద్దస్తమానం వాపోయేవాడు. వినీ వినీ ఆమెకు విసుగెత్తింది. ఒక సాయంత్రం బుట్టలో బాతుల జంటతో ఇల్లు చేరింది. ఇంటి వెనక, మూతపడిన ఇటుకల బట్టీ వాళ్లు మట్టి తవ్వుకుపోయిన పెద్ద గుంట ఉంది, అందులో ఏడాదంతా నీళ్లుంటాయి. భర్త బస్సు డ్రైవరు, మాట తక్కువ మనిషి. బుట్టలోకి తొంగిచూసి, "హారన్ బాగానే ఉంది" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

అలా మొదలైన జంట మంద అయింది. బాతులకు ఆమె కొన్ని కట్టుబాట్లు పెట్టింది. తెల్లారగానే గూడు తెరవకూడదు, గుడ్లు పెట్టేదాకా ఆగాలి, తొందరపడి వదిలితే గుంటలో పెట్టేసి చేతులు దులుపుకుంటాయి. వాటికి చేతులు లేకపోయినా ఆమె అలాగే అనేది.

ఆమె బాతులకు ఒక్కటే లోపం, గుడ్ల మీద కుదురుగా కూర్చోవు. రెండు రోజులు పొదిగి మూడో రోజు ఈతకు పోయే తల్లిని నమ్ముకుంటే పిల్లలు పుట్టినట్టే. కంచెకు అవతల చెల్లెలి ఇల్లు, పెరట్లో కోళ్ల షెడ్డు ఉన్నాయి. అందుకని అక్కాచెల్లెళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొదుగుకు వచ్చిన కోడిని చెల్లెలు కంచె మీదుగా అందిస్తుంది. అక్క దాని కింద బాతుగుడ్లు పెడుతుంది. పిల్లలు లేచి, రెక్కల కింద పెరిగి, నీళ్లకు అలవాటు పడ్డాక కోడిని మళ్లీ కంచె దాటించేస్తుంది. ప్రతిఫలంగా చెల్లెలికి గుడ్లో, రెండు పిల్లలో ముడతాయి.

బాతుపిల్లలు మొదటిసారి గుంటలో దిగే రోజు చూడాలి ఆ కోడి అవస్థ. ఒడ్డున అటూ ఇటూ పరిగెత్తి, గొంతు చించుకుని, రెక్కలు కొట్టుకుని నానా యాగీ చేస్తుంది. పిల్లలు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఈదుతుంటాయి. తిరిగి షెడ్డుకు పంపాక కూడా ఆ కోడి తిండి మాని, తల వేలాడేసుకుని ఓ మూల కూర్చుంటుంది. "బెంగే, రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే" అని బాతులక్క ప్రతిసారీ చెప్పేది. ప్రతిసారీ సర్దుకునేది కూడా.

ఆ చలికాలం గుంటలోకి ఎక్కడివో అడవిబాతులు వచ్చి వాలాయి. బాతులక్క మురిసిపోయింది. "మనవాళ్లకు చుట్టాలొచ్చారు" అని భర్తను పిలిచి మరీ చూపించింది. అవి కొన్నాళ్లుండి పోయాయి. ఆ తర్వాతే ఆమె, ఆ విడత పిల్లల్ని పెంచిన తల్లికోడిని చెల్లెలికి తిరిగి ఇచ్చింది. అది మెడ వంచుకుని ఉంది, గింజలు ముట్టలేదు, తల మీది ఎర్రటి తురాయి కొంచెం నల్లబడింది.

"ఇదేంటక్కా, ఇలా ఉంది?" అంది చెల్లెలు.

"పిల్లల మీద బెంగే. రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే."

సర్దుకోలేదు. మర్నాటికి చచ్చిపోయింది. దాని వెనకే షెడ్డులో కోళ్లు రాలిపోవడం మొదలుపెట్టాయి. చెల్లెలు తలుపు తీసేసరికి రోజూ కొన్ని కాళ్లు బారజాపి పడి ఉండేవి. ఆమె కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసినా, మందు కలిపిన నీళ్లు పట్టినా లాభం లేకపోయింది. చివరికి పశువుల ఆసుపత్రికి కబురు చేస్తే, తెల్లటి ముసుగు తొడుక్కున్న మనిషి వచ్చి నమూనాలు తీసుకుపోయాడు. బర్డ్ ఫ్లూ అని తేలింది. మిగిలిన కోళ్లను కూడా ఆసుపత్రి వాళ్లే చంపి, గోతిలో వేసి, సున్నం చల్లి పూడ్చారు.

ముసుగు మనిషి వెళ్లబోతూ కంచె వైపు చూశాడు. "ఆ బాతులు మీ కోళ్లతో కలుస్తాయా?"

చెల్లెలు తడుముకోలేదు. "లేదండీ. అవి ఇటు రావు, ఇవి అటు పోవు. మధ్యలో కంచె ఉందిగా."

బాతులు నిగనిగలాడుతూ ఈదుతున్నాయి. వాటిలో ఏదన్నా నలతపడితే కబురు చేయమని చెప్పి అతను వెళ్లిపోయాడు.

కంచె దగ్గర బాతులక్క చెల్లెలి చేయి పట్టుకుంది. "ఎందుకే అలా చెప్పావు?"

"నా కొంప ఎలాగూ మునిగింది. సుబ్బరంగా ఉన్నవాటిని నీవి కూడా ఎందుకు చంపించడం?" అంది చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ. "షెడ్డు కడిగేసి, వాళ్లు సరేనన్నాక కొత్త పిల్లల్ని తెచ్చుకుంటాలే."

అక్కకు తురాయి నల్లబడిన కోడి కళ్ల ముందు మెదిలింది. కానీ జబ్బు బాతులదైతే ముందు బాతులే కదా చావాలి? ఆ ఒక్క ఊహను పట్టుకుని ఆమె కొంత ధైర్యం తెచ్చుకుంది.

మర్నాడు షెడ్డు ఎలా కడగాలో చూపించడానికి పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చింది. చెల్లెలు చీపురు పట్టుకుని పక్కనే ఉంది. బాతులక్క కంచె మీదుగా, ఏమీ ఎరగనట్టు అడిగింది. "అమ్మా, ఈ జబ్బు బాతులకు రాదా?"

"ఎందుకు రాదూ? వస్తుంది. పైకి కనపడదంతే."

"అదెలా?"

డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ ఓపిగ్గా చెప్పింది. "వైరస్ ఒంట్లోకి దూరగానే పసిగట్టి కేక పెట్టే కాపలా ఒకటి బాతుకు పుట్టుకతోనే ఉంటుంది. ఆ కేక వినగానే ఒళ్లంతా తలుపులు బిగించుకుంటుంది. వైరస్ దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. కోళ్లలో ఆ కాపలా జన్యువే లేదు, వాటి వంశంలో ఎప్పుడో పోయింది. అందుకే కోడి ఒంటికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. కొన్ని రకాల వైరస్‌లకు బాతులూ చస్తాయనుకోండి. కానీ చాలాసార్లు అవి హాయిగా తిరుగుతూనే ఉంటాయి. వైరస్ పేగుల్లో పెరిగి, రెట్టలో పడి, నీళ్లలో కలుస్తుంది. అడవిబాతులు దాన్ని అలాగే గుంట నుంచి గుంటకు మోసుకొస్తాయి."

"అంటే దొంగ మా బాతుల ఇంట్లో దూరితే కుక్క మొరుగుతుంది. కోడి ఇంట్లో కుక్కే లేదు."

"సరిగ్గా అంతే. కానీ మొరిగినంత మాత్రాన దొంగ పారిపోడు, కొన్నాళ్లు పెరట్లోనే తచ్చాడుతూ పక్కింటి దారి చూసుకుంటాడు. మీవి విడిగా ఉంటాయని మీ చెల్లెలు చెప్పారట. లేకపోతే ఈపాటికి తీసుకుపోయేవాళ్లం."

బాతులక్క వెనక్కి తిరిగి గుంట వైపు చూసింది. పోయిన నెల పుట్టిన పిల్లలు వరసగా ఈదుతున్నాయి. ఊరుకుంటే అవి బతుకుతాయి. చెల్లెలు కొత్త పిల్లల్ని తెచ్చుకుంటుంది, పొదుగుకు వచ్చిన కోడిని మళ్లీ నమ్మకంగా కంచె మీదుగా అందిస్తుంది.

"చెల్లి చెప్పింది నిజం కాదమ్మా," అంది.

"అక్కా, నువ్వు ఊరుకో!" అని చెల్లెలు గదమాయించింది.

"ఊరుకోనే. షెడ్డులో మొదట చచ్చింది నా బాతుపిల్లల్ని పెంచిన కోడి. ఇక్కడే జబ్బు పడింది. తురాయి నల్లబడటం నా కళ్లతో చూశాను. చూసి కూడా బెంగ అనుకుని, నేనే తెచ్చి నీ చేతికిచ్చాను."

చెల్లెలి చేతిలోని చీపురు కిందపడింది. ఆమె ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

బాతుల నమూనాల్లో వైరస్ దొరికింది. వాటిని పట్టుకోవడానికి వచ్చినవాళ్లకు తలప్రాణం తోకకొచ్చింది. ఎవరు పిలిచినా అవి గుంట నడుమ నుంచి కదల్లేదు. చివరికి బాతులక్కే ఒడ్డున నిలబడి రోజూ పిలిచినట్టే పిలిచింది. అన్నీ వరసగా ఆమె కాళ్ల దగ్గరికి వచ్చాయి. ఆ ఒక్క పనిని తలుచుకుని ఆమె తర్వాత చాలాసార్లు ఏడ్చింది.

పెరడు చడీచప్పుడు లేకుండా పోయింది. కంచె అవతల నుంచి పలకరింపు లేదు. బాతులక్క ఇంటిపని కూడా పట్టించుకోకుండా, వెనక గుమ్మంలో తల వంచుకుని కూర్చునేది. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. భర్తకు ఏం చేయాలో తోచలేదు. ఒకరోజు డ్యూటీకి పోతూ పోతూ చెల్లెలి గుమ్మంలో ఆగి, "మీ అక్క ముద్ద ముట్టడం లేదు" అని మాత్రం చెప్పి వెళ్లాడు.

కాసేపటికి చెల్లెలు కంచం పట్టుకుని వచ్చింది. ముందు అక్క నుదుటి మీద చేయి పెట్టి చూసింది.

"జ్వరమేం లేదే," అంది బాతులక్క. "ఒట్టి బెంగ."

"నీ మాట నమ్మమంటావా? పోయినసారి నమ్మితే నా షెడ్డు ఊడ్చిపెట్టుకుపోయింది."

బాతులక్క తలెత్తలేదు. "ఇది బెంగేనే."

"దేని మీద? బాతుల మీదా?"

"బాతుల మీద సగం."

చెల్లెలు పక్కనే చతికిలబడి, ముద్ద కలిపి అక్క నోటి దగ్గర పెట్టింది.

"రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే," అంది. "తిను."