గట్టు మీద పెట్టిన రాతి కొడవలి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. తిరుత్తణిలో పిల్లలకు చరిత్ర చెబుతాను. ఎవరు ఏం చెప్పినా ఆధారం చూపించమని విసిగించే రకాన్ని.

బడి ఎగ్జిబిషన్ కోసం ప్రాచీన ఈజిప్టు రైతుల కొడవలి నమూనా చేశాను. వంపు తిరిగిన కొయ్య, లోపలి అంచున బంకతో అతికించిన చెకుముకి రాయి పెచ్చులు. రాళ్లు ఆన్‌లైన్లో తెప్పించాను. కోస్తుందో లేదో చూద్దామని ఒక శనివారం పక్క ఊరు కనకమ్మ సత్రంలో మా మేనత్త చేనికి తీసుకెళ్లాను.

అత్తకు కుడి మణికట్టు విరిగి కట్టు ఉంది. అయిదు సెంట్ల విత్తనపు వరి పండి నిలబడింది. చనిపోయిన మామ ఏటేటా దాచుకుంటూ వచ్చిన పాత రకం, ఇంకెవరి దగ్గరా లేదు. ఆకాశం మూసుకొస్తోంది. తడిస్తే గింజ చేలోనే మొలకెత్తుతుంది. ఆ చిన్న మడిలోకి మిషను దిగదు, కూలివాళ్లు దొరకలేదు.

రెండు దుబ్బులు కోసేసరికి నా అరచేయి బొబ్బలెక్కింది. అత్త నవ్వి, చూస్తానని ఎడమ చెయ్యి చాచింది. అందించబోయాను.

"చేతికియ్యగూడదురా. కింద పెట్టు, కావాల్సినోళ్లు ఎత్తుకుంటారు."

గట్టు మీద పెట్టాను. అంతలో ఉరిమింది.

"సీక్రం రా, రోడ్డు కాడ ఎవురన్నా ఉంటే పిల్చుకోనొద్దాం."

గంటన్నర తిరిగాం. ఎవరూ రాలేదు. తిరిగొచ్చే దారంతా అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది.

వచ్చి చూస్తే మడి కోసేసి ఉంది.

మా వైపు వరిని నేల బారున కోస్తారు. ఇక్కడ గడ్డి మోకాలెత్తున నిలబడే ఉంది. పనలకు రెండు కొసలా వెన్నులే. ఈజిప్టు సమాధుల గోడల బొమ్మల్లో తప్ప అలాంటి కట్ట నేను చూడలేదు. తడి నేలలో మా ఇద్దరి అడుగులే ఉన్నాయి. కొడవలి పెట్టినచోటే ఉంది, రాళ్ల అంచు గాజులా మెరుస్తోంది. రోజుల తరబడి కోస్తేగాని ఆ మెరుపు రాదని పిల్లలకు చెప్పేది నేనే.

పనలు ఇంట్లో చేర్చగానే వాన దంచింది. భయపడాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది.

"యాడ నుంచి వొచ్చినారో ఏమో," అంది అత్త. "అంబలన్నా తాగకుండా పోయినారే."

అది ఏమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఈ ఏడు ఆ విత్తనమే మళ్లీ పండింది. కోతరోజు అత్త నా చేత కొడవలి తెప్పించి గట్టు మీద పెట్టించింది, పక్కన చెంబుడు అంబలి పెట్టింది. కూలివాళ్లు మధ్యాహ్నానికే కోత ముగించారు. చెంబు నిండుగానే ఉంది.

"ఈతూరి మనకు మనుషులుండారు గదా," అంది. "లేనోళ్ల కాడికి పోయింటారు."

ఆధారం చూపించమనకుండా, చెంబు మీద ఆకు కప్పి గట్టు మీదే ఉంచాను.