జెర్రిపోతుల మీద కప్పిన ప్రధానం చీర

పెళ్ళికూతురికి ఇవ్వాల్సిన చీర పాములకి పెట్టొచ్చినవాణ్ణి ఎక్కడైనా చూసేరా అండి? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే!

తొలకరి పడ్డ వారం. సత్యవేణితో నాకు సంబంధం ఖాయమైంది. ప్రధానానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆమె డిగ్రీలో జువాలజీ చదివింది. నేను టెన్త్‌తో ఆపేసి అమలాపురంలో కొబ్బరికాయల కొట్లో పని చేస్తున్నాను. నన్నేం చూసి ఒప్పుకుందో, ఎప్పుడు వద్దంటుందో అని రోజూ దిగులే. అందుకే బండారులంక వెళ్ళి, మగ్గం దగ్గరే కూర్చుని, గోరింటాకు రంగు చీర నేనే ఏరేను. జాకెట్టు కుట్టించుకోవాలి కదా అని అమ్మ దాన్ని నా చేతికే ఇచ్చి సత్యవేణి వాళ్ళింటికి పంపింది.

బైకు మీద కాలవగట్టెక్కేను. సన్నగా తుంపర. ఎదురుగా రెండు పాములు! నిలువునా లేచి, ఒకదాన్నొకటి చుట్టుకుని, మెల్లగా ఊగుతున్నాయి. భయం వెయ్యలేదండి. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి. ఆ ప్రేమంతా ఫోన్లో వీడియో తీసేను.

చేలో నారుమడి చూసుకుంటున్న సూరిబాబుగారు కేకేసేరు. "ఆడది తాచు, మగది జెర్రిపోతు! సయ్యాట, అబ్బాయ్! కొత్త బట్ట కప్పు, నీ కాపురం చల్లగా ఉంటది!"

"కర్చీఫ్ ఉందండి!"

"వాడిందా?"

"ఆయ్, వాడిందేనండి."

"పనికిరాదు!"

కొత్తది నా దగ్గర ఒక్కటే ఉంది. ఒక్క క్షణం ఆలోచించేను. ఆ ఒక్క క్షణం చాల్లేదని తరవాత తెలిసింది.

మడత విప్పి దూరం నించే విసిరేను. ఒక పాము సర్రున చేలోకి పోయింది. రెండోది చీరతో సహా గట్టు పక్క పంటబోదె కాలవలోకి దిగిపోయింది! మోకాళ్ళదాకా బురదలో దిగి కర్రతో లాగితే చీర వచ్చింది. పాము దాని దారిన అది పోయింది.

ఆ అవతారంతోనే వాళ్ళింటికెళ్ళేను. అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయేరు. "ప్రధానం చీర బురదలో పడ్డమేంటండీ, అల్లుడుగారూ?"

జరిగింది గొప్పగా చెప్పి వీడియో చూపించేను. సత్యవేణి ఫోన్ తీసుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"తాచన్నారు. పడగేదండీ?"

నేనూ ఫోన్లోకి తొంగిచూసేను.

"పెదాల మీద నల్లగీతలు చూడండి. రెండిటికీ ఉన్నాయి. రెండూ జెర్రిపోతులే. రెండూ మగవేనండి."

"మరి ఆ కౌగిలింత?"

"కుస్తీ. ఎదుటిదాని తల కిందకి నొక్కాలని చూస్తున్నాయి. ఓడింది వెళ్ళిపోద్ది."

"కరుచుకోవా?"

"మామూలుగా కరుచుకోవండి."

మామగారు నవ్వాపుకోలేక పెరట్లోకి వెళ్ళిపోయేరు. నాకు మాత్రం ముఖం చెల్లలేదు. పుట్టినప్పట్నించీ ఆ గట్ల మీదే తిరిగేను. ఏది తాచో ఏది జెర్రిపోతో కూడా చూసుకోలేదు. ఎవరో ఒకరు చెప్పింది నమ్మేసి, మిగతాది నేనే ఊహించుకున్నాను. సత్యవేణి విషయంలోనూ అంతేగా! ఆమె వద్దంటుందని నాకెవరు చెప్పేరు? అడిగితే కదా!

సాగనంపడానికి సత్యవేణి బండి దగ్గరకొచ్చినప్పుడు అడిగేసేను. "ఇంత తెలివితక్కువవాడు మీకు పరవాలేదా అండి?"

"పాముల్ని చూసి రాయెత్తే మనుషుల్నే చూసేనండి ఇన్నాళ్ళూ," అంది. "చీరెత్తినవాళ్ళని చూళ్ళేదు. ఉతికితే బురద పోద్ది. మనం పోట్లాడుకున్న రోజున అది కట్టుకుంటాను."

శ్రావణంలో పెళ్ళైంది. ఇప్పటికి ఆ చీర మూడుసార్లు కట్టింది. మూడుసార్లూ తల దించుకుని చేలోకి వెళ్ళిపోయింది నేనేనండి!