మేడంగారికి ఏమీ పెట్టొద్దు

మా తమ్ముడు నాగదుర్గాప్రసాద్ కంగారు మనిషి. తలుపుకి తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి లాగి చూస్తాడు. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వస్తాడు. నలభై రెండేళ్ళొచ్చినా ఆ బుద్ధి పోలేదు. అలాంటివాడు ఎంచుకున్న పని చూడండి: కొత్తపేట చుట్టుపక్కల కాలవ గట్ల మీద దూరదేశాలవాళ్ళని సైకిళ్ళ మీద తిప్పడం! గేర్ల సైకిళ్ళు ఆరున్నాయి. వంట నాది, కంగారు వాడిది. అతిథులొచ్చే ముందురోజు దారంతా ఒక్కడే తొక్కి, గుంటలెక్కడ పడ్డాయి, కరిచే కుక్కలెక్కడున్నాయి అని చూసుకొస్తాడు. మంచివాడే. కానీ వాడి పక్కన గంట కూర్చుంటే మనకీ గుండెదడ పట్టుకుంటుంది.

మొన్న మాఘమాసంలో ఫ్రాన్సు నుంచి మార్తీన్ అని ఒకావిడ వచ్చారు. అరవై ఏడేళ్ళు. అక్కడి పల్లెలో ఆవుల్నీ గోధుమ చేలనీ చూసుకున్న రైతు మనిషి. భర్త పోయాక సైకిలెక్కి వాళ్ళ దేశపు పొలాల దారులన్నీ తిరిగారట. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గంటసేపు తొక్కినా మనిషన్నవాడు కనిపించడట. ఆవులు తలెత్తి ఓసారి చూసి మళ్ళీ మేతలో పడతాయట. పలకరించే దిక్కు లేకపోతే ఏం తోస్తుందమ్మా అని నేనంటే, మావాడు ఆ ముక్క ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ పకపకా నవ్వారు. ఆ నిశ్శబ్దం కోసమే తొక్కుతారట. మన దగ్గర ఆ పప్పులుడకవు. ఎక్కడికండీ, ఎక్కడ్నుంచండీ, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళండీ అంటూ ప్రతి గుమ్మంలోనూ ఆపేస్తారు.

ఆ మర్యాదంటేనే మావాడికి భయం. కిందటేడు ఒకాయన్ని గట్టు మీద తొమ్మిదిళ్ళవాళ్ళు కూర్చోబెట్టి తినిపించి, మూడు రోజులు మంచమెక్కించారు. ఈవిడకి చూస్తే షుగరు. టిఫిన్‌కి ముందు ఇన్సులిన్ ఇంజక్షన్ చేసుకుంటారు. అందుకని వాడు ముందురోజే దారిలో ప్రతి గుమ్మం ఎక్కి చెప్పొచ్చాడు.

"రేపు ఒక మేడంగారు వస్తారండి. ఆవిడకి ఏమీ పెట్టొద్దండి. బతిమాలినా పెట్టొద్దు. ప్రాణం మీదకొస్తుంది."

తీపి పెట్టొద్దంటే చాలదట్రా అన్నాను. చాలదక్కా, తీపొద్దంటే అరటిపండు తెస్తారు, పండొద్దంటే బొండం కొడతారు, మనవాళ్ళకి సందిస్తే ఇంకేమైనా ఉందా అన్నాడు. నిజమే కదా అని నేనూ ఊరుకున్నాను. అందులో నా తప్పూ ఉంది.

మర్నాడు ఎనిమిదింటికి ఆవిడ ఇంజక్షన్ చేసుకుని, నేను వేసిన పెసరట్టు సగం తిని లేచారు. కారం ఎక్కువైందేమో, నేను అడగలేదు. చిన్న సంచీ ఒకటి భుజానికి తగిలించుకోబోతే, పెద్దవారు మీరు మోయడమేమిటండీ అని మావాడు బలవంతాన తీసుకుని తన హ్యాండిల్‌కి తగిలించుకున్నాడు. పన్నెండింటికి కాలవ లాకుల దగ్గర భోజనం. నేను క్యారేజీ పట్టుకుని స్కూటీ మీద వెనకాల వెళ్ళాలి.

పదిన్నరకి వాడి సైకిలు పంక్చరైంది. మీరు చూసుకోండి, నేను మెల్లగా ముందుకెళ్తాను, కాసేపు ఒంటరిగా తొక్కాలనుంది అన్నారట ఆవిడ. లాకుల దాకా గట్టు ఒకటే దారి, తప్పిపోయే ప్రసక్తి లేదు. జన్మలో మొదటిసారి మావాడు కంగారు పడకుండా సరే అన్నాడు. ట్యూబు అతికించి గాలి కొట్టేసరికి అరగంట దాటింది. ఎక్కడిదాకా వెళ్ళారో కనుక్కుందామని ఫోను చేశాడు. ఆ ఫోను వాడి హ్యాండిల్ దగ్గరే మోగింది.

సంచీ తెరిచి చూస్తే ఫోనే కాదు, మందులు, షుగరు పడిపోతే నోట్లో వేసుకునే గ్లూకోజు బిళ్ళలు, అన్నీ అందులోనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే నేను వెళ్ళాను. సైకిలు అక్కడే పడేసి నా వెనకెక్కాడు. షుగరు పెరిగితే ఇవాళ్టికివాళ ఏమీ కాదక్కా, తగ్గితేనే మనిషి పడిపోతారు, ఇంజక్షన్ చేసుకుని సగం అట్టుతో ఇంతసేపు తొక్కారు అని గబగబా చెప్పాడు. పక్కన కాలవ నిండుగా పారుతోంది.

మొదటి ఇల్లు గంగయ్యగారిది. బండి చప్పుడు వినగానే అరుగు దిగి ఎదురొచ్చాడు.

"ఆయ్, ఆగేరండి. నోరు చూపించి అడిగేరు. చేతులు జోడించి లేదన్నామండి. మీరు చెప్పేరు కదా!"

ఆ ముసలాయన ముఖంలో గర్వం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని ఏమనగలం? బండి ముందుకి ఉరికించాను. తర్వాత కరుణ టీ కొట్టు. మేడంగారు పంచదార డబ్బా మీద చెయ్యి వేస్తే, కరుణ గబుక్కున లాక్కుని లోపల దాచేసిందట. ముఖమంతా చెమటలండి పాపం, అయినా ఇవ్వలేదండి అంది. ఎంతసేపైందంటే పావుగంట అంది. వాడి మాట ఊళ్ళో ఎవరూ విని చావరు, ఈ ఒక్కరోజూ అందరూ విన్నారు, ఖర్మ!

అక్కడి నుంచి నా కళ్ళు దారి మీద లేవు, నీళ్ళ మీదే ఉన్నాయి. గుర్రపుడెక్కలో ఏదో ఎర్రగా కనిపిస్తే బండి ఆపేశాను. దగ్గరికెళ్తే పాత ప్లాస్టిక్ బిందె. వెనక మావాడు ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కుల మీద మొక్కులు మొక్కుతున్నాడు. వాడి వేళ్ళు నా భుజంలో దిగబడుతున్నాయి.

సత్యనారాయణమ్మగారి గేటు ముందు సైకిలు పక్కకి పడి ఉంది. ఆవిడ ఒంటిమనిషి, కొబ్బరి తోట చూసుకుంటూ ఉంటుంది. మేడంగారు మెట్టు మీద గోడకి జారబడి ఉన్నారు. ముఖం తెల్లగా పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. సత్యనారాయణమ్మగారు పక్కన కూర్చుని విసురుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. చూరుకి చక్కెరకేళి అరటిగెల వేలాడుతోంది. దానిమీద తువ్వాలు కప్పేసింది, కనిపించకూడదని.

"పంచదార నీళ్ళు తెండి, తొందరగా!" అని అరుస్తూ మావాడు బిళ్ళలు తీసి ఆవిడ నోటికందించాడు. సత్యనారాయణమ్మగారు ఒక్క క్షణం తెల్లబోయి చూసి లోపలికి పరిగెత్తింది. నీళ్ళు గుటక గుటకగా తాగించాం. పావుగంట గడిచింది. ఆ పావుగంట నాకు ఏడాది. చివరికి వణుకు తగ్గింది. మేడంగారు కళ్ళు తెరిచి మమ్మల్ని పోల్చుకుని, మెల్లగా నవ్వారు. నేను క్యారేజీ విప్పి పెరుగన్నం తినిపించాను.

అప్పుడు సత్యనారాయణమ్మగారు మా తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"పెడితే చచ్చిపోతారన్నారు కదండీ మీరు. ఆవిడ ఆ గెల చూపించి చెయ్యి చాపేరండి. రెండుసార్లు. నేను దాని మీద తువ్వాలు కప్పేను. నా గుమ్మంలో ఆకలన్న మనిషి ఎదురుగా తువ్వాలు కప్పేనండి నేను."

మావాడు తప్పు నాదేనండి అన్నాడు. అక్కడే మెట్టు మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మేడంగారు ఏమిటేమిటని అడుగుతున్నారు. ఏ భాషలో చెప్పమంటారు?

సత్యనారాయణమ్మగారు లోపలికెళ్ళింది. ఇక మా ముఖం చూడదనుకున్నాను. కంచంలో అన్నం, పప్పు, ఆవకాయ పెట్టుకుని వచ్చి వాడి ఒళ్ళో ఉంచింది. వాడు ముద్ద కలపలేకపోయాడు. ఆవిడ కదలకుండా అక్కడే నిలబడింది.

"అడిగినావిడికి లేదన్నానండి. మీరు అడక్కపోయినా పెడుతున్నాను. తినండి."