పాత కారుకు పచ్చ బటన్

మా కారు బోనెట్ మీద రంగు మస్కట్ ఎండకి పొలుసులుగా లేచిపోయింది. ఏసీ మాత్రం ఇప్పటికీ వణికిస్తుంది. మా ఆయన ఇక్కడికి మూడు గంటల దూరంలోని ఇబ్రి అనే ఊళ్లో, ఒక బిల్డింగ్ సైట్‌లో పనిచేస్తారు. గురువారం సాయంత్రం కంపెనీ బండిలో మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలోని మా ఫ్లాట్‌కి వచ్చి, శనివారం సాయంత్రం వెళ్లిపోతారు. మిగతా రోజులన్నీ నేనూ, కారూ. లైసెన్సు పరీక్ష ఎన్నిసార్లు తప్పానో ఇక్కడ రాయను. పాసయ్యాక మాత్రం ఆ స్టీరింగ్ ఇంకెవరికీ ఇవ్వలేదు.

కీళ్లవాతం మొదట నా కుడిచేతి వేళ్ల మీద పడింది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, ముడుచుకుంటే విచ్చుకోవు. దోసె తిరగేయొచ్చు, చీర కట్టుకోవచ్చు, కాస్త ఆలస్యమవుతుంది, అంతే. కారు తాళంచెవి తిప్పడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. పాత తాళం, మొండికేస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టుకుని గట్టిగా తిప్పాలి. తిప్పినప్పుడల్లా మణికట్టు దాకా ప్రాణం పోయినట్టుండేది.

ఈ సంగతి మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఏమంటారో నాకు తెలుసు. ‘కారు అమ్మేద్దాం, హాయిగా టాక్సీలో తిరుగు’ అంటారు. ప్రేమతోనే అంటారు, నా భయమంతా అదే. కోపంతో అంటే పోట్లాడొచ్చు. వారమంతా ఒక్కదాన్నే ఉండేదాన్ని, ఆ కారు పోతే నేను నాలుగు గోడల మధ్య మిగిలిపోతాను.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. చేతికి తువ్వాలు చుట్టుకుని, రెండు చేతులూ వేసి, పళ్లు బిగించి ఒకసారి స్టార్ట్ చేస్తే మళ్లీ ఇంటికి చేరేదాకా ఇంజిన్ ఆపేదాన్ని కాదు. ఈ ఊళ్లో అదేం వింత కాదు. టీ కొట్టు ముందు ఆగి హారన్ కొడితే టీ కిటికీ దగ్గరికే వస్తుంది. కిరాణా కొట్టు వాళ్లూ అంతే, పెరుగు డబ్బా దగ్గర్నుంచి కొత్తిమీర కట్ట దాకా తెచ్చి ఇచ్చిపోతారు. ఏసీ కోసం ఇంజిన్ ఆపకుండా కూర్చునేవాళ్లు వీధి నిండా ఉంటారు, వాళ్లలో నేనొకదాన్ని. అలా అలా, దిగాల్సిన చోట్లన్నీ మానేశాను. దార్సైట్ పేటలో ఉన్న కృష్ణుడి గుడి మానేశాను. స్నేహితురాళ్లు భోజనానికి పిలిస్తే ఏదో ఒక వంక చెప్పేదాన్ని. నాకు పొగరెక్కిందని అనుకున్నారట. అనుకుంటే అనుకోనీ అనుకున్నాను గానీ, ఆ మాట చెవిన పడిన రోజు నాకు అన్నం సయించలేదు.

మా ఆయనకి ఇంజిన్ ఊరికే తిరగడం చూస్తే ఒళ్లు మంట. ట్రాఫిక్ లైటు దగ్గర కూడా ఆపేద్దామా అని చూసే మనిషి. “కారు ఇంత తాగేస్తోందేంటి? నిలబెట్టి నడుపుతున్నావా ఏంటి?” అని అడిగేవారు. “పాత కారు కదండీ, దాహం ఎక్కువ” అనేదాన్ని.

ఒకరోజు ఎదురింటావిడ తన కొత్త కారులో నన్ను ఎక్కించుకుంది. కాలు బ్రేకు మీద పెట్టి, వేలితో ఒక బటన్ నొక్కింది. ఇంజిన్ లేచింది. నేను ఆ బటన్ వంకే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ ఏం మాట్లాడిందో ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదు.

ఆ గురువారం మా ఆయనతో, “మన కారుకి కూడా అలాంటి బటన్ పెట్టించుకుంటాను” అన్నాను.

“ముసలి కారుకి సోకులా?”

“కారు ముసలిదైతే సోకులు ఉండకూడదా ఏంటి?”

ఆయన నవ్వి సరేనన్నారు. అసలు సంగతి నా కడుపులోనే ఉండిపోయింది.

మా వీధి చివర వర్క్‌షాపుల వరసలో కడప నుంచి వచ్చిన కారు ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. మాట్లాడ్డం మొదలుపెడితే పని ఆగుతుంది, పని మొదలుపెట్టినా మాట ఆగదు. స్టీరింగ్ కింద మూత విప్పి, తాళం నుంచి వచ్చే వైర్లు ఒక్కొక్కటీ లాగి, కొత్త డబ్బాకి కలిపాడు. స్టీరింగ్ లాక్ పడకుండా తాళంచెవిని ఒక మెట్టు తిప్పి అక్కడే వదిలేసి, బయటికి కనిపించే తాళంచెవి తల కోసేసి మూత బిగించాడు. నా సంచిలో పడేసుకోవడానికి చిన్న రిమోట్ ఇచ్చాడు, అది దగ్గర్లో లేకపోతే బటన్ పనిచెయ్యదు.

“అక్కా, కాలు బ్రేకు మింద లేకుంటే ఇంజిన్ లేయదు, ఆగదు గూడా. బ్రేకు తొక్కి నొక్కు, లేస్తాది. మల్లా నొక్కు, ఆగిపోతాది. కొత్త కార్లకు మాదిరే చేసినా” అన్నాడు.

నొక్కాను. చుట్టూ నీలం దీపం వెలిగే చిన్న బటన్. కాస్త గట్టిగానే ఉంది గానీ లోపలికి వెళ్లింది. ఇంజిన్ లేచింది.

కొత్త వస్తువుకి బొట్టు పెట్టకుండా వాడటం మా ఇంటా వంటా లేదు. మర్నాడు పొద్దున్నే పసుపు జారుగా కలిపి బటన్ మీద నిండుగా పూసి, మధ్యలో కుంకుమ పెట్టాను. తడి ఆరకముందే దార్సైట్ గుడికి బయల్దేరాను. పార్కింగ్‌లో ఇంజిన్ ఆపి దిగి లోపలికి వెళ్లాను. ఎన్నాళ్లకో తీర్థం చేతిలో పోయించుకున్నాను. బయటికి వచ్చి కూర్చుని బటన్ నొక్కితే కదల్లేదు. పసుపు నీళ్లు చుట్టూ ఉన్న సందులోకి దిగి, ఎండకి గట్టిపడి, బటన్‌ని పట్టేశాయి. చూపుడువేలు అయింది, మధ్యవేలు అయింది, బొటనవేలూ అయింది. కారు లోపల పొయ్యిలా ఉంది. దిగి నీడలో నిలబడి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. ఏడుపు ఆపుకోవాలని చూశాను గానీ ఆగలేదు.

అతను వచ్చి, బటన్ చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు.

“అక్కా, ఇది బటనా, గడపా?”

గుండుసూదితో పసుపంతా గీకి, గుడ్డతో తుడిచి, తను నొక్కి చూశాడు. ఇంజిన్ లేచింది. ఆపి, “ఇంగ నువ్వు నొక్కు” అన్నాడు. అప్పటికే నా వేళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. ఏ వేలితోనూ నొక్కలేక, ఒంగి మోచేత్తో నొక్కాను. అతను నవ్వడం మానేశాడు.

“సార్‌కు తెల్సా?”

“తెలీదు. నువ్వు చెప్పకు.”

“నేనెందుకు జెప్తా? నువ్వే జెప్పల్ల. ఈసారి ఇట్ల ఎండలో నిలబడి ఏడుస్తాంటే, నేను పక్క ఊరికి పోయింటే ఎవరొస్తారక్కా?”

కోపం వచ్చింది, అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

గురువారం మా ఆయన భోంచేసి చెయ్యి కడుక్కునేదాకా ఆగి, ఎదురుగా కూర్చున్నాను. “నా వేళ్లు ముడుచుకోవట్లేదండీ. తాళంచెవి తిప్పలేక బటన్ పెట్టించాను, ఇప్పుడు బటన్ కూడా నొక్కలేకపోతున్నాను. ఆపితే మళ్లీ స్టార్ట్ చెయ్యలేనని ఇన్నాళ్లూ ఇంజిన్ ఆపకుండా తిరిగాను. ఇక అనండి, కారు అమ్మేద్దామని.”

ఆయన నా కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కొక్క వేలూ మెల్లగా వంచి చూశారు. నేను మొహం చిట్లించిన చోట ఆగిపోయారు. శనివారం కారు సంగతి ఎత్తకుండానే వెళ్లిపోయారు. ఆ వారమంతా వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. కారు కొనేవాళ్లని వెతుకుతున్నారనే అనుకున్నాను.

తర్వాతి గురువారం టిఫిన్ సంచిలోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టారు. అరచేతి వెడల్పున పుట్టగొడుగు ఆకారంలో పచ్చ బటన్.

“సైట్‌లో కాంక్రీట్ మిక్సర్‌కి ఉండేది. స్టోర్‌లో అడిగి కొత్తది తెచ్చాను” అన్నారు. “మా వాళ్లు లావుపాటి గ్లవ్స్ వేసుకుంటారు కదా, వేళ్లతో ఎవరూ నొక్కరు. అరచేత్తో ఇలా తడతారు, అంతే. వారమంతా డ్యూటీ అయ్యాక మిక్సర్ దగ్గర నిలబడి చూశాను. వేలు కొంచెం కూడా వంగదు.”

అమ్మకం మాట ఎత్తుతారేమోనని కాచుకుని ఉన్నాను. ఎత్తలేదు. నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది, వారమంతా తిట్టుకున్నందుకు సిగ్గూ వేసింది. పైకి మాత్రం, “ఎంత వికారంగా ఉందండీ” అన్నాను.

ఎలక్ట్రీషియన్ కూడా అదే అన్నాడు. “కారుకు మిక్సర్ బటనా సార్? చూసినోళ్లు నా షాపుకు రారు.” గొణుక్కుంటూనే బిగించాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని చెయ్యి వదిలెయ్యమన్నాడు. గేరు పక్కన నా అరచెయ్యి వాలిన చోట సుద్దతో గుర్తు పెట్టి అక్కడే రంధ్రం చేశాడు. మా ఆయన పక్కనే నిలబడి ప్రతి స్క్రూ తిప్పి చూశారు.

ఆదివారం పొద్దున ఆయన ఇబ్రిలో ఉన్నారు. ఆ రోజు నా వేళ్లు మరీ మొండికేశాయి, కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకున్నాను. కిందికి దిగి కారులో కూర్చున్నాక ఆయన ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టి పక్క సీట్లో పడేశాను.

“కూర్చున్నావా?”

“కూర్చున్నాను.”

“తట్టు.”

బ్రేకు తొక్కి అరచేత్తో తట్టాను. ఇంజిన్ లేచింది.

“వినపడింది,” అన్నారు. “ఇప్పుడు ఆపు.”

చెయ్యి అక్కడే ఉండిపోయింది. లేచిన ఇంజిన్‌ని ఆపడానికి నాకు ఇంకా ధైర్యం చాలడం లేదు.

“నేను ఫోన్‌లోనే ఉన్నాను. ఆపు.”

ఆపాను. మళ్లీ తట్టమన్నారు, తట్టాను, లేచింది. మళ్లీ ఆపమన్నారు. అటు వెనక సైట్ చప్పుళ్లు, ఎవరో సార్ సార్ అని పిలుస్తున్నారు, ఈయన పలకడం లేదు.

“ఇంక చాలండీ, ఇలా మాటిమాటికీ చేస్తే బ్యాటరీ పోతుంది” అన్నాను.

“పోతే పోనీ. ఇంకోసారి ఆపు.”

ఆపాను. ఈసారి ఇంజిన్ ఆగిన నిశ్శబ్దంలో కూర్చుంటే నాకు భయం వెయ్యలేదు.