నా మెడలో ఐదో స్క్రూ

రాజమండ్రి ఆసుపత్రిలో నా మెడ ఎముకల మధ్య పాడైన డిస్కు తీసేసి, ఆ చోట చిన్న ప్లేటు పెట్టి నాలుగు స్క్రూలతో బిగించారు. చేతి తిమ్మిరి పోయింది. సుద్దముక్క జారకుండా పట్టుకోగలిగాను. రెండు నెలలపాటు మెడకు వేసిన కాలర్ మాత్రం స్నానానికి తప్ప తీయకూడదన్నారు.

ఆరో వారం పరీక్షకు వెళితే ఎక్స్‌రే రాశారు. కాలర్ తీయాలా అని అడిగాను. అక్కర్లేదండి, కదలకుండా నిలబడితే చాలన్నాడు టెక్నీషియన్.

డాక్టరుగారు తెర మీద బొమ్మ చూసి వేలితో లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. జూనియర్‌ను పిలిచి ఆయన చేతా లెక్కపెట్టించారు. హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి కనుక నేనూ లెక్కపెట్టాను. ఐదు.

"మేం పెట్టినవి నాలుగేనండి," అన్నారు డాక్టరుగారు. ఐదోది నేనే ఇంటి దగ్గర బిగించుకున్నానేమో అన్నట్టుంది ఆ చూపు.

ఆపరేషన్ కాగితాలు తెప్పించారు. వాటిలోనూ నాలుగే. ఐదోది కాస్త లావుగా, మిగతావాటికి దూరంగా ఉంది. సీటీ స్కాన్ తీస్తే తేలిపోతుందన్నారు.

స్కాన్ గదిలోకి వెళ్లేముందు అక్కకు ఫోన్ చేశాను. అక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. టీచరుగా రిటైరై, మా లూథరన్ చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శిగా ఉంది. ఏ పిల్లాడి మొలతాడుకైనా తాయెత్తు కనిపిస్తే వాడి తల్లికి అరగంట బోధ చేయందే వదలదు. నా ఆపరేషన్ ముందురోజే సాయానికని వచ్చి, మా ఆవిణ్ణి వంటలోంచీ నన్ను నిర్ణయాల్లోంచీ తప్పించింది. నేను చెప్పింది విని, ప్రార్థన చేస్తానని ఫోన్ పెట్టేసింది.

స్కాన్ గదిలో మాత్రం కాలర్ విప్పి ఆయా చేతికిచ్చారు. స్కాన్‌లో స్క్రూలు నాలుగే కనిపించాయి.

డాక్టర్లకు దానివల్ల సంతోషమేమీ కలగలేదు. కనిపించినదానికి ఏదో ఒక వైద్యం ఉంటుంది, కనిపించి మాయమైనదానికి ఏం చేస్తారు? కిందికి జారిందేమో, ఛాతీకి కూడా స్కాన్ తీసి చూద్దామన్నారు జూనియర్. లోహం దానంతటది మాయం కాదని ఏటా పిల్లలకు చెప్పే నేను, బల్ల దిగకముందే అద్భుతాన్ని నమ్మేశాను. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. బయటికి రాగానే అక్కకు మళ్లీ ఫోన్ చేసి, ఐదోది పోయిందని చెప్పాను.

నా వెనకే కాలర్‌తో వచ్చిన ఆయా అప్పుడు దాన్ని నాకు తొడగబోయి ఆగింది.

"మాస్టారూ, ఇందులో ఏదో గట్టిగా తగులుతోందండి."

వెనకవైపు తొడుగు కుట్టు విప్పితే స్పాంజిలోంచి రాగి తాయెత్తు బయటపడింది. డాక్టరుగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని పరీక్షగా చూశారు.

"ఇది మేం వాడే కంపెనీది కాదండి," అన్నారు.

ఛాతీ స్కాన్ తప్పించుకుని ఇల్లు చేరాను. అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కాలర్ తొడుగు ఉతికి కుట్టే పని తనదే కాబట్టి ఇంకెవర్నీ అడగక్కర్లేదు. తాయెత్తు తన ముందు పెట్టాను. అటు చూడకుండా ఈనెలు తీస్తూనే ఉంది.

"తునిలో ఉండే మా కొలీగు తెచ్చిచ్చింది. ప్రార్థన చేసే కుట్టాన్రా," అంది.

"మరి ఆ పిల్లల తల్లులకి నువ్వు చెప్పేదేంటక్కా?"

"వాళ్లు ప్రార్థన చెయ్యకుండా కడతారు."

నేనూ పక్కన కూర్చుని ఓ చిక్కుడుకాయ అందుకున్నాను. తనే మెల్లగా అంది.

"ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు. నేను చూశాను."

ఇక కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

అయితే నేను చేసిన రెండో ఫోను అప్పటికే స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపు దాటి ఊరంతా తిరిగింది. ఆదివారం నాటికి స్క్రూ కాస్తా పెద్ద ఇనుప మేకైంది. డాక్టర్లు కళ్లారా చూసిన మేకు ప్రార్థనతో మాయమైందని పాస్టరుగారు ప్రసంగంలో చెప్పారు. స్త్రీల వరసలో ముందు కూర్చున్న అక్క తల వంచుకుని పాటల పుస్తకం తిరగేస్తోంది. పాస్టరుగారు నన్ను లేచి సాక్ష్యం చెప్పమన్నారు.

లేచాను. నా మెడలో స్క్రూలు నాలుగే ఉన్నాయని చెప్పి కూర్చున్నాను. అందులో అబద్ధమేమీ లేదు.