పక్కింటి డాక్టరుగారు అన్నం తిన్న కంచం

మంగళవారం ఉదయం ఆరున్నరకు, కెనడాలో మేముండే హాలిఫాక్స్‌లో మా పక్కింటి డాక్టరుగారు కన్నుమూశారు. తైవాన్‌లో పుట్టి, ఉద్యోగ జీవితమంతా కాలేయ వ్యాధుల పరిశోధనలో గడిపిన మనిషి. నిద్రలో గుండె ఆగింది. కబురు చెప్పడానికి వచ్చిన వాళ్లబ్బాయి మా గుమ్మంలో నిలబడి ఇంకో మాట అన్నాడు. "లివర్ మాత్రం చివరిదాకా బాగానే ఉంది. అది మీకు చెప్పకపోతే అమ్మ ఊరుకోదు."

ఆవిడకు పుట్టినప్పటి నుంచీ హెపటైటిస్ బి ఉంది. తల్లి నుంచి వచ్చింది. తండ్రికీ అదే వైరస్. ఆవిడ మెడిసిన్ చదువుతుండగా ఆయన లివర్ క్యాన్సర్‌తో పోయారు. తైపేలో డాక్టరై, అప్పుడే పుట్టిన పిల్లలకు టీకా వేసే పనిలో కొన్నేళ్లుండి, తర్వాత ఇక్కడి యూనివర్సిటీకి వచ్చారు. ఒకే వైరస్ ఒకరి కాలేయంలో ఏళ్లతరబడి ఊరికే పడి ఉంటుంది, ఇంకొకరి కాలేయాన్ని తినేస్తుంది. ఎందుకు? ఆ ఒక్క ప్రశ్న మీదే ఆవిడ ల్యాబు నడిచింది. జవాబు దొరికిందా అని ఒకసారి రిపోర్టరుగా అడిగాను. "కొంత" అన్నారు. ఇంకాస్త పెద్ద మాట చెప్పమని బతిమాలినా చెప్పలేదు. నేను ఆ ఇంటర్వ్యూకి పెట్టిన హెడ్డింగు కూడా ఆ ‘కొంత’ అన్న మాటే.

ఎండాకాలంలో కూడా ఫ్లాస్కులో వేడినీళ్లు తాగేవారు. ఊళ్లో మేముండే డార్ట్‌మత్ వైపు నుంచి రేవు దాటే ఫెర్రీలో పనికెళ్తూ, చేతిలో పేపర్లున్నా చదవకుండా నీళ్లకేసి చూస్తూ కూర్చునేవారు. మాటలు తక్కువ. మా సంభాషణంతా ఇంగ్లీషులోనే సాగేది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చిన రోజు బాగా గుర్తుంది. అప్పటికి మా అమ్మాయికి రెండేళ్లు. కడుపుతో ఉన్నప్పుడు ఇక్కడ చేసిన రక్తపరీక్షలోనే నా భార్యకు హెపటైటిస్ బి ఉందని తేలింది. పాప పుట్టగానే ఆసుపత్రిలో ఇంజెక్షన్లు ఇచ్చారు, పాపకు రాలేదు. కానీ బాపట్ల నుంచి మా అత్తగారు ఫోన్లో ఒకటే మాట. "అమ్మడూ, నీ కంచం, గ్లాసూ వేరే పెట్టుకో. ఎవరికీ చెప్పమాక." పెళ్లినాడు పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు కంచం ఒకటుండేది. నా భార్య దాన్ని అన్నిటికీ దూరంగా, సింకు పక్కన విడిగా బోర్లించేది. డాక్టర్లు అక్కర్లేదన్నా వినలేదు. పాపకు తన కంచంలోంచి ఒక్క ముద్ద పెట్టేది కాదు.

డాక్టరుగారికి ఎవరైనా వడ్డించేదాకా ఆగే అలవాటు లేదు. నేరుగా వెళ్లి ఆ కంచమే తీసుకున్నారు.

"అయ్యో, అది కాదండీ! అది నాది" అని నా భార్య గబుక్కున చేయి పట్టుకుంది.

డాక్టరుగారు కంచాన్నీ, విడిగా ఉన్న గ్లాసునూ, నా భార్య మొహాన్నీ చూశారు. "మా నాన్న పోయాక అమ్మ గిన్నె కూడా ఇలాగే విడిగా ఉండేది. నాకూ ఉంది" అని, అదే కంచంలో అన్నం, గోంగూర పప్పు పెట్టుకుని కూర్చున్నారు. తింటూ పాపకు ఒక ముద్ద అందించారు. "ఇది రక్తంతో వస్తుంది, పుట్టుకతో వస్తుంది. కంచంతో రాదు" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆ కంచమే అడిగేవారు. అంచు మీది పేరును వేలితో తడిమి చదివేవారు. ఆవిడ గుర్తుపట్టే తెలుగు అక్షరాలు అవే. కొన్నాళ్లకు కంచం మిగతా వాటి మధ్యకు చేరింది. ఏ రోజు చేరిందో మేమెవరం గమనించలేదు.

"లివర్ అరవదు. అందుకే మనం వెళ్లి అడగాలి" అనేవారు. రిటైరయ్యాక ఆ అడగడానికే మా తెలుగు చర్చి కింది హాల్లో రక్తపరీక్షల బల్ల వేశారు. ఆరాధన అయింది. అందరూ బిర్యానీ వైపు వెళ్లారు గానీ బల్ల వైపు ఒక్కరూ రాలేదు.

"మా ఇళ్లల్లో అలాంటివి లేవు మేడమ్" అన్నారు ఒక పెద్దాయన.

"మా నాన్న పోయేదాకా మేమూ అలాగే అనుకున్నాం."

"కామెర్లొస్తే మేం ఆకు పసరు తాగుతాం డాక్టరుగారూ, పచ్చదనం పోద్ది" అని ఇంకొకాయన నవ్వించబోయాడు.

"పచ్చదనం పోతుంది. వైరస్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పరు కదా" అన్నారు. నవ్వులు బల్లదాకా వచ్చాయి, మనుషులు మాత్రం రాలేదు.

తిరుగు ప్రయాణంలో, కారు వెనక సీట్లోంచి నా భార్య అంది. "నాకుంది అని ఒక్క మాటంటే నలుగురొచ్చేవాళ్లు. నోరు రాలేదు."

"నీ రక్తం సంగతి నీది. బల్ల నాది. బల్ల నేను మోస్తా" అన్నారు డాక్టరుగారు. మళ్లీ ఆ విషయం ఎత్తలేదు. కానీ ఏటా ఆ బల్ల మోశారు. ఒకరో ఇద్దరో వచ్చేవారు, అదీ అందరూ వెళ్లిపోయాక.

ఈ శనివారం బల్లకు కూడా హాలు ఆవిడే మాట్లాడి పెట్టారు. క్యాన్సిల్ చేయమంటారా అని బుధవారం వాళ్లబ్బాయి అడిగితే, నా భార్య వద్దంది. "ముందు నేను మాట్లాడతాను" అంది. టొరంటో నుంచి మా అమ్మాయి ఫోన్. "జస్ట్ సే ఇట్, అమ్మా. ఐ హావ్ ఇట్. త్రీ వర్డ్స్."

"నీకేం తల్లీ, ఇంగ్లీషులో మూడే. తెలుగులో ఆంటీలంతా చూస్తుంటారు" అంది నా భార్య.

ఇదంతా రాయనా అని అడిగాను. "రాయి. శనివారం ఎలాగూ తెలుస్తుంది" అంది.

శనివారం పదకొండింటికి చర్చి కింది హాల్లో డాక్టరుగారి సంస్మరణ. మొదట నా భార్య మాట్లాడుతుంది. తర్వాత పరీక్షకు రక్తం తీసే నర్సు బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆ తర్వాత భోజనాలు. హాల్లో పేపర్ ప్లేట్లుంటాయి. అయినా మా గుమ్మం దగ్గర గుడ్డసంచీలో, అంచు మీద పేరున్న స్టీలు కంచం తయారుగా ఉంది.